కసువుకు కాపలా కాసిన కండక్టరమ్మ

పోయిన ఆదివారం మా కాలనీలో ఆమెకు సంతాప సభ పెట్టారు. నాకూ మైకు ఇచ్చారు. నాలుగు మాటలు మాట్లాడానో లేదో మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. నా నెత్తిమీద ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అక్కడ చెప్పనివ్వని మాటలు ఇక్కడ రాస్తున్నాను. చదివి కోపం తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకోండి. మీకంటే ముందు నుంచీ నేను కోపంగా ఉన్నాను.

ఆమె పేరు రాయను. రాస్తే రేపు వీధికి ఆ పేరు పెట్టి, ఆ బోర్డు కిందనే ఆకులు కుప్పపోసి కాలుస్తారు. అంత పని చెయ్యగలవాళ్ళే మావాళ్ళు. కాలనీలో అందరూ ఆమెను కండక్టరమ్మ అనేవాళ్ళు. నేను అక్కా అనేవాణ్ణి.

తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది మా కాలనీ. పై వీధుల్లో పెద్ద ఇళ్ళు, ఇంటింటికీ పెరడు, పెరటి నిండా టెంకాయ, మామిడి, వేప, అరటి. కింది వీధిలో చిన్న ఇళ్ళు. కింది వీధిని ఒరుసుకుంటూ వాన కాలువ. ఆ వీధి మలుపులో నా మందుల అంగడి. ఆమె ఉద్యోగం నుంచి దిగిపోయాక కింది వీధిలో రెండు గదుల ఇల్లు కొనుక్కుని వచ్చింది. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. పుత్తూరులో ఒక చెల్లెలు ఉంది.

బస్సు దిగినా బస్సు ఆమెను దిగలేదు. ఎక్కడ నిలబడినా కాళ్ళు ఎడంగా పెట్టి, వీపు ఏ స్తంభానికో గోడకో ఆనించి నిలబడేది, నేల ఏ క్షణాన కుదుపుతుందో అన్నట్టు. నా అంగడి ముందు నలుగురు గుమిగూడితే చాలు, "తీసుకున్నోళ్ళు దిగండి, దిగండి, ఎనకోళ్ళను రానియ్యండి" అని గట్టిగా అరిచేది. మందుల చీటీని నిలువుగా మడిచి రెండు వేళ్ళ సందున పెట్టుకుని తెచ్చేది. మెడలో ఎప్పుడూ ఒక ఈల. పుత్తూరు, వడమాలపేట, నాయుడుపేట రూట్లలో ఇరవై ముప్ఫై ఏళ్ళు ఊదిన ఈల అది. ఉద్యోగం వదిలినా దాన్ని వదల్లేదు.

ఆమె వచ్చిన ఏడాది చలికాలంలో ఒక పొద్దున నా అంగడికి వచ్చింది. వీధంతా మసకగా ఉంది. పై వీధిలో ఆకులు కాలుస్తున్నారు. నేను ఎవరికో ఆయాసానికి పీల్చుకునే మందు ఇస్తున్నాను. ఆయన పోయేదాకా ఆగి అడిగింది.

"ఆ మందు బాగా పోతాదా అబ్బా?"

"ఈ నెలల్లో బాగా పోతుందక్కా. చలికాలం గదా."

"సలికాలం కాదబ్బా ఇది. పొగ కాలం. ముక్కుండాది గదా నీకు? పీల్చి సూడు." అని బయటకు చెయ్యి చూపించింది. "ఆ ఇంట్లో కసువు ఊడ్సి నిప్పు పెడతారు. ఈ ఇంట్లో దగ్గుతారు. నువ్వు మందు అమ్ముతావు. ఎవరికీ నష్టం ల్యా. దగ్గేవాడికి తప్ప."

అని పై వీధికి నడిచింది. కాసేపటికి ఈల వినబడింది. ఒక్కటే ఈల, పొడుగ్గా. బస్సెక్కిన వాళ్ళందరికీ తెలుసు కదా, ఒక ఈల వేస్తే ఆగమని, రెండు వేస్తే పొమ్మని. ఈల వెనకనే ఆమె గొంతు. "హోల్డాన్! హోల్డాన్! నీళ్ళు తే మే, బిన్నా తే!"

ఆ రోజు నుంచి మా కాలనీకి ఆమె గొంతు పట్టుకుంది.

పొద్దున్నే ఒక తోపుడు బండి తోసుకుంటూ వీధులన్నీ తిరిగేది. బస్సు పోయే ఊర్లు చెప్పినట్టు రాగం తీసి పిలిచేది. "వేప, మామిడి, అరటి, మల్లె... కసువుండేవోళ్ళు ఎత్తకరండీ!" అని. ఇళ్ళవాళ్ళు ఆకుల గోనెలు తెచ్చి బండిలో వేసేవాళ్ళు. ఊరికే వేస్తే కుదరదు. ఆమె గోనె మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టేది. పాల కవరో, షాంపూ పొట్లమో చేతికి తగిలిందా, అక్కడికక్కడే తీసి ఆ ఇల్లాలి చేతిలో పెట్టేది.

"ఇది ఎక్కదు. దించుకో."

"ఒక్కటే గదా కండక్టరమ్మా."

"ఒక్కటే అయితే నువ్వు దించుకోను కష్టమేంది?"

పార్కు కోసం వదిలేసిన ఖాళీ జాగాలో ఒక మూల రెండు గుంతలు తవ్వించింది. అప్పటి సంఘం వాళ్ళు తవ్వుకోమన్నారు. ఆకు ఒక వరస, మన్ను ఒక వరస, మీద పేడ నీళ్ళు. ఒక గుంత నిండితే మూసిపెట్టి రెండోది మొదలుపెట్టేది. టెంకాయ మట్టల్ని కింది వీధి ముసలమ్మలకు ఇస్తే వాళ్ళు ఈనెలు చీల్చి పరకలు కట్టుకునేవాళ్ళు. అరటి బోదెలు పాలవాడి ఆవులకు. లావు కొమ్మలు మాత్రం గుంతలో వెయ్యడానికి లేదు. వాటి కోసం మునిసిపాలిటీ వాళ్ళ చుట్టూ తిరిగి, వాళ్ళను తిట్టి, శుక్రవారం శుక్రవారం ట్రాక్టరు వచ్చేట్టు చేసింది. కొమ్మలు కొట్టించుకున్నవాళ్ళు శుక్రవారం దాకా గోడ పక్కన పెట్టుకుంటే చాలు. ఇంతకంటే ఏ కాలనీకైనా ఏం కావాలి?

ఆమె మంచిదా అంటే, మంచి మాట ఆమె నోట విన్నవాళ్ళు తక్కువ. ఒకసారి వీధి ఊడ్చే అమ్మాయి మూలన కుప్పకు నిప్పు పెడితే ఈమె బకెట్టు నీళ్ళు గుమ్మరించి, ఆ పిల్లను నానా మాటలూ అంది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ, కాల్చమన్నది తమ పని చూసే మునిసిపాలిటీ మేస్త్రీ అని చెప్పింది. ఈమె నేరుగా మేస్త్రీ దగ్గరకు పోయింది. మరుసటి రోజు ఆ పిల్లను పిలిచి, "నిన్నన్న మాటలన్నీ వాణ్ణి కూడా అన్న్యా. సరిపోయింది" అంది. క్షమాపణ అంటే ఆమెకు తెలిసింది అదే.

ఎరువు పండినప్పుడు ఎవరికైనా ఊరికే ఇచ్చేది. నల్లగా, చేతిలో పొడి పొడిగా, వాన పడ్డ మన్ను వాసన. దానికి మాత్రం పై వీధుల ఆడవాళ్ళంతా వరసలో నిలబడేవాళ్ళు. అప్పుడు కండక్టరమ్మ దేవత. గోనెలో కవరు తీసి చేతిలో పెట్టినప్పుడు పిచ్చిది.

ఇక రెండో మనిషి సంగతి. మా కాలనీ సంఘం అధ్యక్షుడు. కాంట్రాక్టులు చేస్తాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా. పై వీధి చివర పెద్ద ఇల్లు, పెరట్లో మామిడి చెట్లు, గోడ వెంట టెంకాయ చెట్లు. ఆయన పేరూ రాయను. ఆమె పేరు లేని చోట ఆయన పేరు ఎందుకు?

ఈ ఏడాది వానలు పట్టకముందు ఆయన చెట్లు కొట్టించాడు. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయి, కారు మీద మట్టలు పడుతున్నాయి. కొట్టించడం తప్పు కాదు. కొట్టిన కొమ్మల్ని కట్టలు కట్టించి, ఆటోలో వేయించి, తీసుకొచ్చి కింది వీధి పక్కన కాలువలో వేయిస్తున్నాడు. నేను అంగడి తీస్తుంటే ఈల వినబడింది.

నేను పోయేసరికి ఆమె ఆటోకు అడ్డంగా నిలబడి ఉంది. ఆయన కూడా కారులో దిగాడు.

"వాన వస్తే కొట్టుకోని పోతాదిలేమ్మా. కాలవుండేది దానికే గదా" అన్నాడు.

"కొట్టుకోని యాడికి పోతాదబ్బా? ఆ కల్వర్టు తావ అడ్డం పడతాది. కింద ఇండ్లుండాయి."

"నీ ఇంటి ముందర ఏసినానా?"

"శుక్రవారం ట్రాక్టరు వస్తాది. రెండు దినాలు నీ గోడకు ఆనించి పెట్టుకోప్పా. అంతే."

"నా ఇంటి ముందర కసువు పెట్టుకోమంటావా? వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

"కసువు నీది. ఇల్లు నీది. ఇంగ ఎవరింటి ముందర పెడతావు?"

ఆయన నవ్వి కారెక్కాడు. ఆటో వెనక్కి తిరిగింది. ఆమె, మేరీ ఇద్దరూ కాలువలోకి దిగి అప్పటికే వేసిన కట్టల్ని పైకి లాగారు. మేరీ అంటే కింది వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అమ్మాయి. ఆయాసంతో ఉండే నాయనను పెట్టుకుని ఒక్క గదిలో ఉంటుంది. మా కాలనీ బట్టలన్నీ ఆమె చేతి మీదనే నలుగుడు పోయేది.

ఆ వారమే కండక్టరమ్మ చెల్లెలి మనవరాలి పెళ్ళికి పుత్తూరు పోయింది. ఆమె లేని ఆ రెండు మూడు రోజుల్లో మిగతా కట్టలన్నీ కాలువలోకి చేరాయి. కొమ్మలు, మట్టలు, అరటి బోదెలు. బయటికి కనబడకుండా కల్వర్టుకు ఎగువన ముళ్ళపొదల చాటున వేయించాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు. పని చేసినవాళ్ళు కింది వీధి వాళ్ళే కాబట్టి తెలిసింది, కానీ వాన వచ్చాక తెలిసింది.

కార్తీకంలో వాన పట్టింది. మా వైపు వాన తెలుసు కదా, అది పడితే కొండ మీది నీళ్ళన్నీ మా మీదకే. రెండో రోజు తెల్లవారేసరికి కింది వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కాలువలో పోవాల్సిన నీళ్ళు వీధిలో నిలబడి ఉన్నాయి. మేరీ గదిలో మంచం కింద ఇటుకలు పెట్టి నాయనను దాని మీద కూర్చోబెట్టింది. ఇస్త్రీకి వచ్చిన బట్టల మూటలు నీళ్ళలో తేలుతున్నాయి. ఆ అమ్మాయి ఒక మూట నెత్తిన పెట్టుకుంటే ఇంకో మూట తడుస్తోంది. ఏది కాపాడాలో తెలియక గదిలోనే గిరగిరా తిరుగుతోంది.

కండక్టరమ్మ చీర దోపుకుని మచ్చుకత్తి పట్టుకుని వచ్చింది. "బట్టలు పాడుగాను, మీ నాయన్ను ముందు ఎత్తండి!" అని అరిచింది. ముసలాయన్ను మోసుకొచ్చి నా అంగడి మెట్ల మీద కూర్చోబెట్టాం. ఆమె అప్పటికే కల్వర్టు వైపు నడుస్తోంది.

నేనూ వెంట పోయాను. కల్వర్టు నోట్లో మామిడి కొమ్మలు, మట్టలు, బోదెలు చాప అల్లినట్టు అల్లుకుపోయి ఉన్నాయి. వాటికి ఊరి కవర్లన్నీ పట్టుకున్నాయి. వద్దక్కా అంటున్నా వినకుండా నడుం లోతు నీళ్ళలోకి దిగింది. కత్తితో నరుకుతూ, తాడు కట్టి ఇస్తూ, "లాగండి! ఎనక్కి లాగండి! ఆ కొమ్మ కాదబ్బా, దాని కిందిది!" అని అరుస్తోంది. మేం నలుగురం పైనుంచి లాగుతున్నాం. ఎంతసేపు లాగామో తెలియదు. ఒక పెద్ద కట్ట ఊడి వచ్చేసరికి నీళ్ళు గర్జించినట్టు ఒక్కసారిగా అవతలికి దూకాయి. ఆమె గోడ పట్టుకుని నిలబడింది కాబట్టి సరిపోయింది.

నా అంగడి మెట్ల మీదకు వచ్చి కూర్చున్నాక కాలు చూసుకుంది. కొమ్మల కట్టలకు చుట్టిన బైండింగ్ వైరు దిగి పాదం చీలిపోయింది. నేను కడిగి కట్టు కట్టాను.

"అక్కా, నీకు షుగరుంది. ఇది ఊరికే పోయే గాయం కాదు. ఆసుపత్రికి పోదాం పా."

"పోదాం లేబ్బా. ముందు ఒక పనుండాది."

ఆ పని ఏమిటో వాన తెరిపిచ్చాక చూశాం. కల్వర్టు నుంచి తీసిన కొమ్మలన్నీ తన తోపుడు బండిలో వేసుకుని, మేరీ ఒక పక్క తోస్తుంటే, కుంటుకుంటూ పై వీధికి ఎక్కింది. అధ్యక్షుడి గేటు ముందు దించింది. మళ్ళీ కిందికి వచ్చి మళ్ళీ ఎక్కించింది. గేటు మూసుకుపోయేదాకా మోసింది. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. ఆయన లుంగీ మీద బయటికి వచ్చాడు.

"ఏందిది? ఏం చేస్తా ఉండావు?"

"నీ సరుకే నాయనా. కల్వర్టు తావ మరిసిపోయినావు. తెచ్చిచ్చినా."

"ఇవి నావేనని ఎవరు చెప్పినారు? ఊర్లో మామిడి చెట్లు నాకే ఉండాయా?" అని ఆమె పక్కన ఉన్న మేరీని చూశాడు. "నువ్వేంది ఈడ? మా ఇంటి బట్టలన్నీ బురద చేసి పెట్టినావంట. ముందు దానికి సమాధానం చెప్పు."

మేరీ తల దించుకుంది. గది మునిగి, నాయన చావు తప్పి, కట్టుకున్న చీర తప్ప ఏదీ మిగలని పిల్ల తల దించుకుంది.

కండక్టరమ్మ కొమ్మ ఒకటి ఎత్తి ఆయన కాళ్ళ దగ్గర వేసింది. "నీ సొక్కా బురద సేసింది ఇది. దీన్నడుగు సమాధానం. ఆ పిల్లను అడిగితే నోరు ఊడతాది."

అని రెండు ఈలలు వేసింది. "రైట్ రైట్" అని బండి తిప్పుకుంది.

ఆయన పోలీసులకు ఫోను చేశాడు. కానిస్టేబులు వచ్చి కొమ్మలు చూసి, చుట్టూ ఉన్నవాళ్ళను అడిగాడు. "ఇవి ఎవరి చెట్టువి?"

ఒక్కరు కూడా నోరు విప్పలేదు. ఆ ఇంటికి ఎదురిల్లు వాళ్ళున్నారు, పక్కింటి వాళ్ళున్నారు. ఆమె ఎరువు కోసం వరసలో నిలబడ్డ వాళ్ళున్నారు. కొట్టించినప్పుడు కిటికీల్లోంచి చూసినవాళ్ళంతా ఉన్నారు. అందరూ కొమ్మల్ని చూస్తున్నారు, కొమ్మలు వచ్చి సాక్ష్యం చెప్పాలన్నట్టు. నేను చెప్పాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తలనొప్పి మాత్ర కూడా తిరుపతికి పోయి కొంటారు. కొననీ.

కానిస్టేబులు ఇద్దరికీ సర్ది చెప్పి వెళ్ళిపోయాడు. శుక్రవారం ట్రాక్టరు ఉంది. అప్పటికైనా ఆ కొమ్మల్ని ట్రాక్టరుకు ఎక్కించి ఉంటే ఈ కథ ఇక్కడ ఆగిపోయేది. ఆయనకు పట్టుదల. ఎండ రాగానే కొమ్మలన్నీ కిందికి తోలించి, కింది వీధి మొదట్లో కుప్ప వేయించి, డీజిలు పోసి నిప్పు పెట్టించాడు. పచ్చి కొమ్మలు, తడి మట్టలు, వాటికి పట్టుకున్న ప్లాస్టిక్కు. మంట కాదు అది, పొగ. పసుపు పచ్చగా, చిక్కగా, వీధిలోకి పాకింది.

మేరీ నాయన నా అంగడి ముందు కూలబడ్డాడు. నోరు తెరుచుకుని గాలి కోసం చేతులాడిస్తున్నాడు. మందు పీల్పించి ఆటోలో పడేసి ఆసుపత్రికి పంపించాను. ఆయన బతికాడు.

కట్టు కట్టిన కాలితో కండక్టరమ్మ కుంటుకుంటూ వచ్చింది. ఒక ఈల. మళ్ళీ ఒక ఈల. మళ్ళీ. ఎవరూ ఆగలేదు. మంట దగ్గర ఉన్నవాళ్ళు ఆమెను చూసి నవ్వారు. ఇద్దరు ఫోన్లు తీసి వీడియో తీసుకున్నారు. ఆమె కుళాయి దగ్గర బకెట్టు పట్టి నీళ్ళు పోసింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ పోసింది. కింది వీధి ఆడవాళ్ళు బిందెలు తెచ్చారు. నేనూ పోశాను. నిప్పు ఆరేసరికి ఆమె కాలి కట్టు బూడిద నీళ్ళలో నాని నల్లగా అయిపోయింది. అప్పుడైనా ఆసుపత్రికి వస్తుందనుకున్నాను. రెండు దినాలు పోయినాక వస్తానంది. ఆ రెండు దినాలూ కాలువలో మిగిలిన చెత్త తీసింది. వచ్చేసరికి పాదం వాచి రంగు మారింది.

ముందు రెండు వేళ్ళు తీశారు. తర్వాత మోకాలి కిందికి కాలే తీశారు.

ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘం మీటింగు పెట్టుకుంది. కాలువ ఎందుకు పొంగిందో తేల్చారు. కండక్టరమ్మ గుంతల్లో ఆకు కొట్టుకొచ్చి కల్వర్టుకు అడ్డం పడిందట. గుంతలతో దోమలట, పాములట. నేను లేచి, ఆ గుంతలు కల్వర్టుకు దిగువన ఉన్నాయి, నీళ్ళు ఎదురెక్కి వచ్చాయా అని అడిగాను. కూర్చోండి సార్ అన్నారు. అందరూ చేతులెత్తారు. మరుసటి రోజే జేసీబీ వచ్చి రెండు గుంతలూ పూడ్చేసింది. వాటి మీద సిమెంటు బెంచీలు వేశారు.

ఆ సంగతి నేనే పోయి ఆమెకు చెప్పాను. ఆడవాళ్ళ వార్డులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అక్కడ కూడా పక్క మంచం వాళ్ళతో పండ్ల తొక్కలు వేరే, కవర్లు వేరే పెట్టించి ఉంది. అంతా విని అడిగింది.

"ఎరువు ఎవరన్నా ఎత్తకపోయినారా? పండి ఉండాది అది."

"లేదక్కా. అట్లనే మూసేసినారు."

"ఒక్క గంపన్నా?"

"ఒక్క గంప కూడా లేదు."

"పాపిష్టి నాయాండ్లు," అంది. దుప్పటి అంచు పట్టుకుని పిండింది. "కాలు పోయింది గదా అని ఏడిస్తి నిన్న. ఎందుకేడిస్తినో. దీనికి ఏడవాల."

అప్పుడే అధ్యక్షుడు వార్డులోకి వచ్చాడు. తెల్ల చొక్కా. చేతిలో పండ్ల బుట్ట, బుట్ట చుట్టూ మెరిసే కవరు చుట్టి రిబ్బను కట్టి ఉంది. వెంట ఫోటో తీసేందుకు ఒకడు. ఆమె ఆయన్ను చూసి, "ఇట్లా రాబ్బా" అంది మెల్లగా. అంత మెల్లగా ఆమె మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన మంచం దగ్గరకు వచ్చి వంగాడు.

"నీ మీద నాకు కోపం పోలేదు. పోదు కూడా. పండ్లు ఎత్తకపో."

"ఏదో జరిగిపోయిందిలేమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

"జరిగిపోలేదు. నువ్వు సేసినావు. వాన వస్తాదని తెలుసు నీకు, కింద ఇండ్లుండాయని తెలుసు, సెప్పినోళ్ళుండారు. అన్నీ తెలిసి సేసినావు."

ఫోటో తీసేవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. బుట్ట కిటికీలో పెట్టబోతే ఆమె చూసిన చూపుకు ఆయన దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వార్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నేను పోయినాక వీళ్ళు ఏమంటారో తెలుసునా నీకు?" అంది నాతో. "ఎవురి మీదా కోపం పెట్టుకోని తల్లి అంటారు. చల్లని మనిషి అంటారు. నువ్వుంటావు గదా అబ్బా. కాదని సెప్పు. కోపంతోనే పోయిందని సెప్పు."

"నువ్వెందుకు పోతావక్కా?"

"సెప్తావా సెప్పవా?"

"చెప్తా."

గాయం పైకి పాకింది. జ్వరం దిగలేదు. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. ఒక మధ్యాహ్నం ఆమె చెల్లెలు ఫోను చేసి, "అక్క పోయిందబ్బా" అని చెప్పి పెట్టేసింది.

ఇంటికి తెచ్చారు. పై వీధుల వాళ్ళంతా వచ్చారు. ఎన్ని దండలు! బతికుండగా ఒక గోనె మూతి విప్పి చూపించడానికి విసుక్కున్నవాళ్ళు ఒక్కొక్కరు మూరెడు లావు దండ తెచ్చారు. సంఘం తరఫున పెద్ద పూల చక్రం వచ్చింది, ప్లాస్టిక్కు చట్రానికి థర్మాకోలు అతికించి, పూలు గుచ్చి, మీద బంగారు అక్షరాల రిబ్బను. అధ్యక్షుడే మోసుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఉన్న ఒక్క కాలి దగ్గర.

మేం శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు సంఘం పనివాడు దండలన్నీ తొక్కి తొక్కి ఒక నల్ల ప్లాస్టిక్కు సంచిలో కుక్కుతున్నాడు. మేరీ గడప కడిగి బయటికి వస్తూ చూసింది.

"యాడికి అవి?"

"కాలవలో ఏసేసి రమ్మన్నాడు సారు."

మేరీ చేతిలో చెంబు కింద పడేసింది. నోరెత్తి మాట్లాడని పిల్ల, బట్టలు బురదైతే తల దించుకున్న పిల్ల, ఆ సంచి లాక్కుని నేల మీద కుమ్మరించింది. "రాండి మే!" అని వీధిలోకి కేక వేసింది. కింది వీధి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. దండల దారాలు తెంపారు. తీగలు, జరీ కాగితాలు, థర్మాకోలు ముక్కలు ఏరి పక్కన పెట్టారు. పూలు, ఆకులు చీర కొంగుల్లో పోసుకున్నారు. మేరీ గది వెనక జానెడు జాగా ఉంది. ఆమె నాయన గోడ పట్టుకుని దగ్గుతూనే ఎక్కడ తవ్వాలో చూపించాడు. నేను గడ్డపార పట్టుకున్నాను. వాన తడి ఇంకా ఉన్న నేల, తొందరగానే దిగింది. పూలు ఒక వరస, మన్ను ఒక వరస. పేడ నీళ్ళు ఎవరో బకెట్టుతో తెచ్చారు.

అధ్యక్షుడి కారు వీధి మొదట్లో ఆగి ఉంది. ఆయన లోపల కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. మేరీ మట్టి చేతులతోనే పూల చక్రం చట్రం ఎత్తుకుని, రిబ్బను దాని చుట్టూ చుట్టి, నడిచి పోయి కారు బానెట్టు మీద పెట్టింది. ఆయన అద్దం దించాడు.

"ఏందిది?"

"ఇది మట్టిలో కుళ్ళదు సార్," అంది మేరీ. "మీరే ఇంటికి ఎత్తకపోండి."